రెండొందల చుట్లు

మా ఆయన ఆంజనేయప్రసాద్ గారికి షవర్ హెడ్ కొనడానికి నలభై నిమిషాలు పడుతుంది. అతిశయం కాదు, వాచీ చూసుకుని మరీ చెబుతున్నాను. అరిజోనాలో, చాండ్లర్‌లో మా ఇంటి దగ్గరి హార్డ్‌వేర్ షాపులో రెండు అరల మధ్య నిలబడి, ఈ చేత్తో ఒకటీ ఆ చేత్తో ఒకటీ పట్టుకుని, రెండూ పెట్టేసి, మూడోది తీసి, దాని వెనకాల రాతలన్నీ చదివి, చివరికి ఏదీ కొనకుండా ఇంటికొచ్చేస్తారు. అలాంటి మనిషికి కంపెనీ వాళ్ళు నెల్లాళ్ళు గడువిచ్చి, నీ బతుకు ఎటో తేల్చుకోమన్నారు. ఇది రెండు వేల తొమ్మిదిలో సంగతి. ఆ నెల్లాళ్ళూ మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. చెబుతానంటున్నానే గానీ, అందులో సగం ఇప్పటికీ నాకే అర్థం కాలేదు.

ఆయన చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో మిషన్లు చూసుకునే ఇంజనీరు. ఒళ్ళంతా తెల్ల ముసుగు తొడుక్కుని లోపలికెళ్ళి, మొరాయించిన రోబో చేతుల్ని దారికి తెచ్చి వస్తారు. సెప్టెంబరు నాలుగో వారంలో పిలిచి, ఆ లైను మూసేస్తున్నాం అన్నారట. ఆరెగన్ రాష్ట్రం వెళ్తే ఇదే ఉద్యోగం, ఇదే జీతం. వెళ్ళనంటే కొన్నాళ్ళ జీతం చేతిలో పెట్టి సాగనంపుతారు. రెండు కాగితాలిచ్చి, అక్టోబరు ముప్పయ్యో తారీకు శుక్రవారం లోగా ఏదో ఒకదాని మీద సంతకం పెట్టి తెమ్మన్నారు.

ఇంకెవరైనా అయితే ఆ రోజే సామాన్లు సర్దుకునేవాళ్ళు. మాకు గ్యారేజీ ఒకటి ఏడ్చింది కదా!

మా రెండు కార్లూ అరిజోనా ఎండలో బయటే మాడుతుంటాయి. గ్యారేజీలో మాత్రం పెద్ద బల్లంత మిషను దర్జాగా కూచునుంటుంది. కంప్యూటర్ చెప్పినట్టల్లా దాని మీద కత్తి అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ, పైకీ కిందకీ తిరుగుతూ చెక్కనీ అల్యూమినియాన్నీ కావలసిన ఆకారంలో కోస్తుంది. సీఎన్‌సీ అంటారు. ఫ్యాక్టరీల్లో ఉండేంత పెద్దది కాదు, ఇళ్ళల్లో సరదాకి పెట్టుకునే బాపతు. ఈ దేశంలో రిటైరైన మగాళ్ళు గోల్ఫ్ ఆడుకుంటారనుకునేదాన్ని. సగం మంది గ్యారేజీల్లో ఇవి పెట్టుకుని కూచున్నారని మా ఆయన్ని కట్టుకున్నాకే తెలిసింది.

అసలు ఆయన మోజు మిషను మీద కూడా కాదు, దాన్ని నడిపే మోటార్ల మీద. తెనాలిలో మా మావగారికి మోటార్లకి వైండింగ్ కట్టే షాపుండేది. చుట్టుపక్కల పొలాల్లో కాలిన మోటార్లన్నీ అక్కడికే చేరేవి. పదేళ్ళప్పుడే వాసన చూసి ఏ చుట్ట కాలిందో చెప్పేవాణ్ణని ఈయన గొప్ప. ఇప్పటికీ స్క్రూడ్రైవరు ఒక కొస మోటారుకి ఆనించి, రెండో కొస చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వింటారు. లోపల్నించి నేను పది కేకలేసినా వినపడదు గానీ, మోటారులో బేరింగు గొణిగితే వినపడుతుంది.

ఈ సరదా మిషన్లకి మామూలుగా పెట్టే మోటార్లు గుడ్డివట. పది అడుగులు వెయ్యమంటే వేస్తాయి. మధ్యలో ఏదైనా అడ్డం తగిలి తొమ్మిదే పడినా వాటికి తెలీదు, పదీ వేశాననుకుని ఊరుకుంటాయి. సర్వో మోటారు అలా కాదు. దాని వెనకాల ఒక కన్నుంటుంది. సన్నటి గీతలున్న బిళ్ళ ఒకటి మోటారుతో పాటు తిరుగుతుంటే, ఆ కన్ను గీతలు లెక్కపెట్టి, చెప్పిందానికీ వేసిందానికీ తేడా వస్తే అక్కడికక్కడే సరిచేయిస్తుంది. ఫ్యాక్టరీల్లో ఇవి మామూలే గానీ, ఇంట్లో పెట్టుకునేవాళ్ళకి ధర అందదు. ఫీనిక్స్‌లో పాత సామాన్ల షాపులో దొరికే మోటార్లతో, తనే డిజైన్ చేసిన బోర్డుతో, చవగ్గా సర్వోలు చెయ్యాలని ఈయన పట్టు. గ్రీన్ కార్డు వచ్చిన మర్నాడు జనం స్వీట్లు పంచుతారు, ఈయన సోల్డరింగ్ ఐరన్ కొనుక్కొచ్చారు. అప్పట్నించీ మూడేళ్ళుగా అదే పని.

ఆ బోర్డులో మూడు అంకెలు సరిగ్గా కుదరాలి. ఒకటి ఇప్పుడు చేస్తున్న తప్పుని చూసుకుంటుంది. ఇంకోటి ఇంతవరకూ చేసిన తప్పులన్నీ కూడబెట్టి చూస్తుంది. మూడోది చెయ్యబోయే తప్పుని ముందే పసిగడుతుంది. ఎక్కువైతే మోటారు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది, తక్కువైతే బద్ధకిస్తుంది. ఇదంతా ఆయన ఎంతో ఇష్టంగా చెబుతుంటే, "మీ అక్కయ్యలు ముగ్గురూ ఇంతేగా" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పక్క ఊరు మేసాలో డ్వేన్ అని డెబ్భై ఏళ్ళ పెద్దాయన ఉన్నాడు. జీవితమంతా లేత్ మీద పనిచేసి రిటైరైనవాడు. ఇంటర్నెట్లో ఈ మిషన్ల వాళ్ళంతా కబుర్లాడుకునే ఫోరమ్‌లో మా ఆయనకి పరిచయం. ప్రతి శనివారం వచ్చి, నా దోసెలు అల్లప్పచ్చడితో తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ప్రసాడ్, నువ్వు ఆ ఫ్యాక్టరీలో ఏం చేస్తున్నావయ్యా?" అనేవాడు. మొదటి సెట్టు తనకే కావాలన్నాడు. వాళ్ళ క్లబ్బులో ఇంకో ఐదుగురు వరసలో ఉన్నారన్నాడు.

కంపెనీ కాగితాలు వచ్చిన రోజు మా ఆయన నన్ను గ్యారేజీలోకి పిలిచి, "ఎక్కడా చెయ్యెత్తకుండా వేసి, మొదలెట్టిన చోటికే వచ్చే ముగ్గు ఒకటి వేసివ్వు" అన్నారు. ఏ పండగకో అనుకున్నాను. కాదట, పరీక్షకట. మెలికల ముగ్గు వేసిచ్చాను. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, కత్తి తీసేసి ఆ స్థానంలో సన్నటి పెన్ను బిగించారు. మిషను ఆ ముగ్గుని అదే కాగితం మీద, గీత మీద గీతగా, రెండొందల చుట్లు వెయ్యాలి. చివరికి ఒక్కటే గీతలా కనపడితే సర్వోలు నిలబడ్డట్టు. ఉద్యోగం వదిలేసి దీన్నే వ్యాపారంగా పెట్టుకుంటారు. గీత చెదిరితే నోరు మూసుకుని ఆరెగన్. ఈ మాట నాకు చెప్పారు, డ్వేన్‌కి చెప్పారు, ఆఫీసులో గౌరీశంకర్‌కి చెప్పారు, ఆఖరికి పదకొండేళ్ళ మా స్పందనకి కూడా చెప్పేశారు. "సో మిషన్ వర్క్ అయితే మనం ఇక్కడే ఉంటాం, రైట్?" అని అది తేల్చేసుకుని స్కూల్ బస్సెక్కింది.

నా సంగతి అడుగుతారా? నాకేం కావాలో నాకు తెలిస్తే కదా! రెండు వేల ఒకటిలో మేం ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్ తీసుకున్న రెండో నెలకే ఆయన ప్రాజెక్టు పోయింది. ఈ దేశానికి తీసుకొచ్చిన కన్సల్టెన్సీ వాళ్ళు ఎనిమిది నెలలు పని లేకుండా బెంచి మీద కూచోబెట్టారు. గడ్డం గీసుకునేవారు కాదు. ఉతికిన తువ్వాళ్ళు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టేవారు. మూడేళ్ళ పిల్ల ఒళ్ళోకెక్కి గడ్డం లాగినా కదిలేవారు కాదు. ఆ మనిషిని మళ్ళీ చూసే ఓపిక నాకు లేదు. అలాగని, స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకున్నప్పుడు ఆయన మొహంలో ఉండే ఆ కళ పోయినా ఫర్వాలేదా అంటే, ఏమో. పళ్ళ డాక్టరు గారి ఆఫీసులో ఫ్రంట్ డెస్క్ దగ్గర కూచుని రోజంతా ఇదే ఆలోచించేదాన్ని. ఒకాయనకి రూట్ కెనాల్‌కి బదులు క్లీనింగ్ బుక్ చేశాను.

కాగితాలు వచ్చిన ఆ వారం ఆదివారమే మహర్నవమి. మావగారు ఏటా షాపులో ఆయుధపూజ చేసి గుమ్మడికాయ కొట్టేవారట. ఈ ఏడు మనకీ మోటార్లున్నాయి, పైగా బతుకు తేలే నెల, పూజ చేస్తానన్నాను. ఆయన ఆ రోజు పవర్ సప్లై డబ్బా తీసి కొత్తది పెడుతున్నారు. తల ఎత్తకుండానే, "చేసుకో గానీ చుక్క నీళ్ళు పడకూడదు. పడిందంటే బోర్డు కాలిపోతుంది" అన్నారు.

సరే మహాప్రభో అన్నాను. తడి పసుపు జోలికే పోలేదు. గంధం కలపలేదు. నాలుగు మోటార్లకీ పొడి కుంకుమతోనే బొట్లు పెట్టాను. కత్తిని అడ్డంగా నడిపే మోటారుకి వెనకాల మూత తీసి ఉంది. లోపల సన్నటి బిళ్ళ అద్దంలా మెరుస్తోంది, బొట్టు పెట్టడానికే చేసినట్టు. పాడవుతుందేమోనని వేలితో తాకలేదు. పైనించి చిటికెడు కుంకుమ రాల్చి దణ్ణం పెట్టుకున్నాను. ఆయన మల్టీమీటరు కింద పెట్టకుండానే హారతి కళ్ళకద్దుకుని, బిళ్ళ వంక చూడకుండా మూత బిగించేశారు.

ఇప్పుడు నేనిలా చెబుతుంటే మీకు అర్థమైపోయి ఉంటుంది. మాకు అవలేదు. నాకసలు ఆ బిళ్ళే ఆ కన్ను చూసే బిళ్ళ అని తెలీదు. ఆయనకి నేను దాని మీద కుంకుమ వేశానని తెలీదు.

మర్నాటి నుంచి మొదలైంది. ముగ్గు యాభై చుట్లు ఒద్దికగా వేసి, యాభై ఒకటోది వెంట్రుకవాసి పక్కకి జరిగేది. ఇంకోసారి ముప్ఫైకే జరిగేది. ఒకరోజు తొంభై దాకా వెళ్ళింది, స్పందనా నేనూ చప్పట్లు కొట్టబోతుంటే తొంభై మూడో దగ్గర జరిగింది. దసరాకి ముందు అరవై చుట్లకి ఒక్క గీత చెదరలేదు. ఆ ఆదివారమే కొత్త పవర్ సప్లై పెట్టారు కాబట్టి నేరం దాని మీదకి పోయింది. పాతది మళ్ళీ పెట్టారు. అయినా జరిగింది. మూడు అంకెలూ మార్చారు. వణికింది, బద్ధకించింది, మళ్ళీ జరిగింది.

ఫోరమ్‌లో అడిగితే పదిమంది పది కారణాలు చెప్పారు. ఒకడు ఎర్తింగ్ అన్నాడు, ఒకడు బెల్టు సాగిందన్నాడు, ఒకడు అరిజోనా ఎండ అన్నాడు, ఒకడు అసలు సర్వోలెందుకు, గుడ్డి మోటార్లే మేలన్నాడు. ఆ చివరివాడి మీద మా ఆయనకి వచ్చిన కోపం అన్నం తిన్నా తగ్గలేదు. డ్వేన్ మాత్రం, వైర్లలోకి బయటి కరెంటు గోల దూరుతోందని తీర్మానించి, వైర్లన్నిటికీ నల్లటి ఉంగరాలు తొడిగాడు. గ్యారేజీలో ఉన్న ఫ్రిజ్ మోటారు వల్ల కూడా గోల రావచ్చని ఇద్దరూ కలిసి దాని ప్లగ్గు పీకేశారు. పీకినవాళ్ళు నాకు చెప్పాలా వద్దా? ఎండాకాలమంతా పెరట్లో పెంచి, తరిగి, కవర్లలో దాచుకున్న గోంగూర మొత్తం కుళ్ళిపోయింది. ఆ రోజు నేనన్న మాటలు డ్వేన్‌కి తెలుగు రాకపోయినా అర్థమయ్యాయి.

మా ఆయన మనిషి మనిషిలా లేరు. పెరుగన్నంలో కాఫీ పోసుకున్నారు. పొద్దున ఒక అంకె మార్చి, సాయంత్రానికి అది ముందు ఎంతుందో మర్చిపోయి నన్నడిగేవారు. "నన్నడిగితే నాకేం తెలుస్తుందండీ, నేనేమన్నా దాని అత్తగారినా!" అని కసిరేదాన్ని. కసిరి లోపలికొచ్చి బాధపడేదాన్ని.

అయితే రెండో వారం దాటాక ఒక చిత్రం జరిగింది. ఆయన గాభరా తగ్గింది. రోజూ గ్యారేజీలోకి వెళ్ళేవారు, మిషను తిప్పేవారు, అది జరిగితే "ఊఁ, జరిగింది" అని వచ్చి భోంచేసేవారు. కాఫీ కాఫీ కప్పులోనే పోసుకునేవారు. పోనీలే, మనసు సమాధానపడింది కాబోలు అనుకున్నాను. నాకూ కాస్త నిద్ర పట్టింది.

అక్టోబరు ఇరవై నాలుగు శనివారం పొద్దున ఆయనా డ్వేన్ ఏదో మంచి రకం కేబుల్ కోసం ఫీనిక్స్ వెళ్ళారు. నేను బియ్యం కోసం గ్యారేజీలోకి వెళ్ళాను. బస్తా మిషను పక్కనే ఉంటుంది. గిన్నె నింపుకుని లేస్తుంటే, అడ్డం మోటారు కింద, ముగ్గు వేసిన తెల్లకాగితం అంచున ఎర్రటి నలుసు కనపడింది. వేలికి అద్దుకుని చూస్తే కుంకుమ. పండగై నెల్లాళ్ళయింది. ఇన్నాళ్ళకి ఇది ఎక్కణ్ణించి రాలింది? పైకి చూశాను. మోటారు మూత.

ఆయన తిప్పడం చూశాను కాబట్టి, చిన్న స్క్రూడ్రైవరు తీసి రెండు స్క్రూలూ విప్పాను. ఆ అద్దంలాంటి బిళ్ళ మీద, ఆ సన్నటి గీతల నిండా ఎర్రటి పొడి. పక్కనే చిన్న నల్లటి పలక బిళ్ళ అంచుని పట్టుకుని ఉంది. కన్నంటే అదేనని అప్పుడర్థమైంది. ఆయన మూడేళ్ళు కష్టపడి అమర్చిన కంట్లో నేను కుంకుమ కొట్టాను. ఓరి దేవుడో అని అక్కడే బియ్యం బస్తా మీద కూలబడ్డాను.

తుడిచేద్దామని చీర కొంగు తీశాను. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తుడిస్తే మిషను తిరుగుతుంది. తిరిగితే ఆయన ఉద్యోగం మానేస్తారు. తుడవకపోతే ఆరెగన్, నెలనెలా జీతం, పిల్లకి ఇన్సూరెన్సు, ఆయన నున్నగా గడ్డం గీసుకుని ఆఫీసుకెళ్ళడం. ఎవరికీ ఏం చెప్పక్కర్లేదు. నేనేమీ చెయ్యక్కర్లేదు కూడా, మూత పెట్టేస్తే చాలు. తప్పు నాదని చెబుదామా? ఇంకో ఆరు రోజులు ఊరుకుంటే అన్నీ వాటంతటవే తేలిపోవూ? ఏది ఆయన మేలు కోరి అనుకుంటున్నానో, ఏది నా పిరికితనంతో అనుకుంటున్నానో ఎంత ఆలోచించినా విడదీయలేకపోయాను. ఫీనిక్స్ నుంచి వచ్చేస్తారేమోనని భయం వేసి, గబగబా మూత పెట్టి స్క్రూలు బిగించేశాను.

ఆదివారం చెబుదామనుకున్నాను. సోమవారం ఆఫీసు నుంచి వచ్చాక అనుకున్నాను. మంగళవారం కంచం ముందు నోటిదాకా వచ్చింది, "చారు బాగుందా?" అని మార్చేశాను. బుధవారం స్పందన నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "అమ్మా, ఆర్ యూ ఓకే? నువ్వు అసలు టాక్ చేయట్లే" అంది. ఆయన పేపర్లోంచి తలెత్తి నా వంక చూసి, మళ్ళీ దించుకున్నారు.

గురువారం సాయంత్రం నాలుగింటికి ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా మిషను దగ్గర కూచున్నారు. అరగంట తిరక్కుండానే ముగ్గు డెబ్భయ్యో చుట్టు దగ్గర జరిగింది. ఆయన దాన్ని చూస్తూ ఊరికే కూచున్నారు. ఆ కూచోవడం ప్లెయిన్స్‌బరోలో కూచున్నట్టే ఉంది. ఉద్యోగం ఉండగానే ఆ మనిషి తిరిగొచ్చేశాడని నాకు ఏడుపొచ్చింది.

"ఏమండీ, ఆ మోటారు మూత తియ్యండి" అన్నాను.

"ఎందుకు?"

"లోపల కుంకుమ పడింది. దసరా నాడు నేనే వేశాను. మీరు నీళ్ళు వద్దన్నారని పొడిదే వేశాను. నాకేం తెలుసండీ అది కన్నని!"

ఆయన తల తిప్పలేదు. "తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు?"

"కుంకుమ అని. పన్నెండో తారీకునే చూశాను."

నేను విరుచుకుపడ్డాను. "పన్నెండా? మరి ఇన్నాళ్ళూ ఆ అంకెలు మార్చడమేమిటి? మోకాళ్ళ నొప్పుల పెద్దాయన్ని పట్టుకుని మొన్న కేబుళ్ళ కోసం ఎండలో ఫీనిక్సంతా తిప్పడమేమిటి? పిల్ల రోజూ వచ్చి వర్క్ అయిందా నాన్నా అని అడుగుతుంటే, లేదమ్మా లేదమ్మా అనడానికి నోరెలా వచ్చింది మీకు? మీకు మతిగానీ పోయిందా?"

అంతా విన్నారు. తరవాత మెల్లిగా, "తుడిస్తే తిరుగుతుంది విజయా. తిరిగితే మానెయ్యాలి. అందరికీ చెప్పేశాను కదా" అన్నారు. "ఆ రోజు బ్రష్షు చేతిలో పట్టుకుని గంటసేపు కూచున్నాను. చెయ్యి రాలేదు. ప్లెయిన్స్‌బరో నీకొక్కదానికే గుర్తుందనుకున్నావా? మిషను పనిచెయ్యలేదు, అందుకే ఆరెగన్ వెళ్ళానని చెప్పుకుంటే ఎవరూ ఏమీ అనరు. నేనూ నన్నేమీ అనుకోను."

నాకు తిట్టాలో దగ్గరికి తీసుకోవాలో తెలీలేదు. భుజం మీద ఒకటి వేశాను, గట్టిగానే.

"నువ్వెప్పుడు చూశావు?" అన్నారు.

"ఇవాళే, పొద్దున్న" అన్నాను. ఎందుకలా అన్నానో నన్నడక్కండి. అనేశాను.

ఆయన ఊఁ అన్నారు. మూత తీసి, గాలి డబ్బాతో ఊది, మెత్తటి బ్రష్షుతో స్పిరిట్ అద్ది బిళ్ళని శుభ్రం చేశారు. కొత్త కాగితం పెట్టారు. ఒక్కో చుట్టుకి ఇరవై సెకన్లు. స్పందన ఒక ఎత్తు పీట వేసుకుని లెక్కపెట్టింది, మధ్యలో హోమ్‌వర్క్ కూడా తెచ్చుకుంది. యాభై దాటింది. తొంభై మూడు దాటింది. నూట యాభై దగ్గర నేను చూడలేక లోపలికెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టి, మళ్ళీ పరిగెత్తుకొచ్చాను. రెండొందల చుట్లూ అయి పెన్ను పైకి లేచింది. కాగితం మీద ఒక్కటే సన్నటి గీత. స్పందన ఎగిరి గంతేసి, "వీ ఆర్ స్టేయింగ్!" అని ఇల్లంతా పరిగెత్తింది. ఆయన మోటారు మీద చెయ్యి పెట్టి, వేడిగా ఉందో లేదో చూసి, నవ్వారు. అంత హాయిగా ఆయన నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో. నాకు భయం వెయ్యలేదు. ఒక్క క్షణం కూడా వెయ్యలేదు, అదీ నాకు వింత.

శుక్రవారం పళ్ళ డాక్టరు గారి ఆఫీసు నుంచి మూడింటికే వచ్చేశాను. నాలుగింటికి ఆయన వచ్చారు.

"ఇచ్చేశారా?"

"ఇచ్చేశాను" అన్నారు, బూట్లు విప్పడానికి కుర్చీలో కూచుంటూ. "ఆరెగన్. జనవరిలో చేరాలి."

నాకు అర్థం కాలేదు. "అదేమిటండీ! నిన్న రెండొందలూ తిరిగిందిగా!"

"తిరిగింది."

"మరి తిరిగితే మానేస్తానన్నారుగా? డ్వేన్‌కి ఏం చెబుతారు? పిల్లకేం చెబుతారు? ఎవరు వెళ్ళమన్నారు మిమ్మల్ని ఆరెగన్?"

ఆయన లేసు ముడి విప్పుతూ, కోపం లేకుండా, నిన్న మోటారు తుడిచినంత జాగ్రత్తగా చెప్పారు. "శనివారం సాయంత్రమే చూశాను విజయా. మూతకి ఒక స్క్రూ వంకరగా ఎక్కింది. నేను అలా బిగించను. నువ్వు చూశావని తెలిసింది. వచ్చి చెబుతావని ఆదివారం చూశాను, సోమవారం చూశాను. చెబితే అక్కడికక్కడే తుడిచేసి, ఉద్యోగం మానేసే ఆ రెండో కాగితం మీద సంతకం పెట్టేద్దామనుకున్నాను. నీకు ఒక్క సంగతి ఐదు నిమిషాలు కడుపులో ఆగదు. ఐదు రోజులు ఆపావు. ఇవాళే చూశానని కూడా అన్నావు. వెళ్దామని నువ్వు ఇంతకంటే గట్టిగా ఎలా చెబుతావు?"

అది కాదండీ అనబోయాను. ఏది కాదో తేలలేదు. వెళ్దామని నేను ఊరుకోలేదు, ఒట్టు. ఉందామని మాత్రం ఎప్పుడన్నాను? భయపడి ఊరుకున్నాను, తెలీక ఊరుకున్నాను. ఆ తెలీకపోవడాన్ని ఈయన తీసుకెళ్ళి సంతకం పెట్టి ఇచ్చేసి వచ్చారు. తన పిరికితనానికి నా నోరు అడ్డం పెట్టుకున్నారని కోపం ముంచుకొచ్చింది. ఆ వెనకాలే, శనివారం నాడు కొంగుతో ఒక్కసారి తుడిచేసి ఉంటే ఇవాళ ఈ మనిషి ఎలా ఇంటికొచ్చేవాడో అనిపించింది, కోపం నిలవలేదు.

ఆయన రెండో బూటు విప్పకుండా, లేసు చేత్తో పట్టుకుని, నా మొహం వంకే చూస్తున్నారు. నేను కాదంటానేమో అన్నట్టు చూస్తున్నారు. ఆయన ఎదురుచూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. నోరు తెరిచాను.

"టీ పెట్టనా?" అన్నాను.

"పెట్టు" అని, ఆయన రెండో బూటు విప్పుకున్నారు.